వంగే తెర వచ్చింది, వంచి వాడే కంప్యూటర్ ఇంకా రాలేదు

మీరు అడిగినవి మూడు విషయాలు. మడతపెట్టే ఫోన్లు కొన్నేళ్లుగా దుకాణాల్లో అమ్ముడవుతున్నా, పరికరాన్ని వంచి, మెలితిప్పి పని చేయించుకునే పద్ధతి ఎందుకు రాలేదన్నది మొదటిది. ముందుముందు టచ్‌స్క్రీన్ స్థానాన్ని ఆ పద్ధతి ఆక్రమిస్తుందా అన్నది రెండవది. ఇంజనీరింగ్ చివరి సంవత్సరం ప్రాజెక్టుగా ఈ అంశాన్ని తీసుకోవాలని ఉంది గాని కళాశాలలో వంగే తెర దొరికే అవకాశం లేదు, అటువంటప్పుడు ఏం చేయవచ్చు అన్నది మూడవది. మనిషి చేతికీ యంత్రానికీ మధ్య వ్యవహారాన్ని రూపొందించే పనిలో చాలాకాలంగా ఉన్నవాడిగా ఈ మూడింటికీ కలిపే సమాధానం చెబుతాను, ఎందుకంటే మొదటిదానికి సరైన కారణాలు తెలిస్తే మిగిలిన రెండింటి గురించి మీరే చాలావరకు నిర్ణయించుకోగలుగుతారు.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. వంగే తెర ఒక ఆలోచన, వంచడాన్ని ఆజ్ఞగా స్వీకరించే పరికరం వేరొక ఆలోచన. పెద్ద తెరను జేబులో పట్టించడం మొదటిదాని లక్ష్యం. చేతి బలాన్ని, దిశను, పట్టులోని హెచ్చుతగ్గులను కంప్యూటర్‌కు తెలియజేయడం రెండవదాని లక్ష్యం. పరిశ్రమ మొదటిదాన్ని తీసుకుని రెండవదాన్ని పక్కన పెట్టింది. ఆ రెండవది ఫోన్‌లో నెగ్గుతుందని నేను అనుకోను. అయితే కళ్లతో చూడకుండా వాడవలసిన పరికరాల్లోనూ, మొదటినుంచీ మెత్తగానే ఉండే బట్ట, చర్మానికి అంటించే పట్టీ వంటి వస్తువుల్లోనూ అది నిలబడుతుందని గట్టిగా నమ్ముతున్నాను. మీ ప్రాజెక్టుకు విలువ అక్కడే ఉంది.

టోక్యోలోని సోనీ కంప్యూటర్ సైన్స్ లాబొరేటరీస్‌లో కార్స్టెన్ ష్వేసిగ్, ఇవాన్ పూపిరెవ్, ఐజిరో మోరి అనే ముగ్గురు పరిశోధకులు 2004లో గమ్మీ అనే నమూనాను వెలువరించారు. క్రెడిట్ కార్డు అంత ఉండే కంప్యూటర్‌ను వంచి వాడగలిగితే ఎలా ఉంటుందన్నది వారి ప్రశ్న. అప్పటికి తగిన వంగే తెర వారికి అందుబాటులో లేదు. అందువల్ల మామూలు గట్టి తెరనే ఒక వంగే పలక మీద అమర్చి, పలక ఎంత వంగిందో కొలిచే సెన్సర్లను జతచేసి, వెనుకవైపు వేలితో జరిపేందుకు ఒక టచ్‌ప్యాడ్‌ను పెట్టారు. పలకను ఒకవైపు వంచితే చిత్రం దగ్గరకు వస్తుంది, రెండోవైపు వంచితే దూరం జరుగుతుంది. ఎంత వంచితే అంత మార్పు. బటన్ నొక్కడంలో అవును, కాదు అనే రెండే స్థితులు ఉంటాయి గాని వంచడంలో వాటి మధ్య లెక్కలేనన్ని మెట్లు ఉంటాయన్న విషయాన్ని ఆ నమూనా చక్కగా పట్టుకుంది.

తర్వాతి పెద్ద అడుగు కెనడాలో పడింది. కింగ్‌స్టన్ నగరంలోని క్వీన్స్ విశ్వవిద్యాలయంలో రూల్ వర్టెగాల్ నడిపిన హ్యూమన్ మీడియా ల్యాబ్, అమెరికాలోని అరిజోనా స్టేట్ విశ్వవిద్యాలయంతో కలిసి 2011లో పేపర్‌ఫోన్‌ను తయారుచేసింది. ఇందులో కాగితం మీది సిరాలా కనిపించే, 9.5 సెంటీమీటర్ల నిజమైన వంగే ఈ-ఇంక్ తెర ఉంది, దాని వెనుక వంపు సెన్సర్లు ఉన్నాయి. దీనితో చేసిన అధ్యయనంలో, ఏ పనికి ఏ వంపు సరిపోతుందో పాల్గొన్నవారినే నిర్ణయించుకోమన్నారు. పేజీ ముందుకు తిప్పడం, వెనక్కు తిప్పడం వంటి దిశ ఉన్న పనుల విషయంలో ఎక్కువమంది ఒకే రకమైన వంపులను ఎంచుకున్నారు. ఒక మూలను లేదా ఒక అంచును వంచే సులభమైన కదలికలనే ఇష్టపడ్డారు. దిశ లేని పనులకు మాత్రం ఎవరి ఎంపిక వారిదే అయింది. ఫోన్ చేయడానికి ఏ మూల వంచాలి అన్న ప్రశ్నకు సహజమైన సమాధానం అంటూ ఏదీ లేదు కదా. ఈ ఒక్క ఫలితాన్ని ఆనాడే శ్రద్ధగా చదివినవారికి, ఈ పద్ధతి ఎంతవరకు వెళ్లగలదో, ఎక్కడ ఆగిపోతుందో తెలిసే ఉంటుంది. పేపర్‌ఫోన్‌ను ప్రకటించినప్పుడు వర్టెగాల్, ఐదేళ్లలో అన్నీ ఇలాగే కనిపిస్తాయని, ఇలాగే అనిపిస్తాయని అన్నారు. ఆ ఐదేళ్లూ గడిచి ఇంకా చాలా ఏళ్లయింది.

ఆయన ప్రయోగశాల ఆగలేదు. 2013లో ప్లాస్టిక్ లాజిక్, ఇంటెల్ సంస్థలతో కలిసి 10.7 అంగుళాల ప్లాస్టిక్ తెరలతో పేపర్‌ట్యాబ్‌ను చూపించింది. ఒక తెర మీద పది అప్లికేషన్లు తెరిచే బదులు, బల్ల మీద ఎన్ని కాగితాలు పరుచుకుంటామో అన్ని తెరలు పరుచుకుని, ఒకదాన్ని మరొకదానికి తాకించి సమాచారాన్ని బదిలీ చేయడం అందులోని ఆలోచన. 2016లో వచ్చిన రీఫ్లెక్స్‌లో ఎల్‌జీ తయారుచేసిన, తనంతట తానే కాంతినిచ్చే వంగే ఓఎల్‌ఈడీ తెర ఉంది. పుస్తకంలో పేజీలను బొటనవేలి కింద నుంచి జారవిడిచినట్లుగా, ఎంత వంచితే అంత వేగంగా పేజీలు కదిలేవి. ఒక్కొక్క పేజీ జారుతున్నప్పుడు వేళ్లకు తెలిసేలా లోపల నుంచి కంపనం వచ్చేది. ఈ రంగంలో నాకు అన్నిటికంటే నచ్చిన నమూనా అదే, ఎందుకంటే చేయి అడిగిన ప్రశ్నకు చేతికే సమాధానం ఇచ్చిన పరికరం అది.

ఇంత పని జరిగినా అది బజారుకు ఎందుకు చేరలేదు? మొదటి కారణం పదార్థ శాస్త్రంలో ఉంది.

ఒక పలకను వంచినప్పుడు బయటి పొర సాగుతుంది, లోపలి పొర నొక్కుకుపోతుంది, మధ్యలో సాగని, నొక్కుకోని ఒక తటస్థ తలం ఉంటుంది. బయటి పొరలో సాగుదల ఎంతో తెలుసుకోవాలంటే పలక మందాన్ని వంపు వ్యాసార్ధానికి రెట్టింపుతో భాగిస్తే చాలు. 1.5 మిల్లీమీటర్ల వ్యాసార్ధంలో వంచాలనుకుందాం. 0.7 మిల్లీమీటర్ల మందం ఉన్న గాజు అయితే ఉపరితలం దాదాపు 23 శాతం సాగవలసి వస్తుంది, అంటే అది పగలక తప్పదు. అదే గాజును 30 మైక్రాన్లకు, అంటే 0.03 మిల్లీమీటర్లకు, పలచన చేస్తే సాగుదల 1 శాతానికి దిగుతుంది, గాజు బతుకుతుంది. మొక్క వంగి మాను వంగకపోవడానికి ప్రధాన కారణం కర్ర మారడం కాదు, మందం పెరగడం, ఇక్కడా అంతే. 2020లో శామ్‌సంగ్ గెలాక్సీ జెడ్ ఫ్లిప్‌లో వాడిన అతి పలుచని గాజు వెనుక ఉన్న సూత్రం ఇదే.

కానీ తెర అంటే గాజు ఒక్కటే కాదు. దాని అడుగున పాలిఇమైడ్ అనే వేడికి తట్టుకునే ప్లాస్టిక్ పొర, దాని మీద ట్రాన్సిస్టర్లు, వాటి మీద కాంతినిచ్చే సేంద్రియ పొరలు, గాలిలోని తేమ ఆ పొరలను చేరకుండా ఆపే కవచం, స్పర్శను గుర్తించే పొర, వీటన్నిటినీ కలిపి ఉంచే జిగురు ఉంటాయి. స్పర్శ పొరలో సంప్రదాయంగా వాడే ఇండియం టిన్ ఆక్సైడ్ పెళుసు పదార్థం; ఒకటి రెండు శాతం సాగితేనే బీటలు వారుతుంది. అందుకే వంగే తెరల కోసం సన్నని లోహపు జాలిని, వెండి నానో తీగలను తయారీదారులు వెతుక్కోవలసి వచ్చింది. పెళుసైన పొరలన్నిటినీ వీలైనంత తటస్థ తలానికి దగ్గరగా ఉంచేలా మొత్తం పేర్పును లెక్కకట్టాలి. ఈ లెక్క ఒక నిర్ణీతమైన గీత వెంబడి, ఒక నిర్ణీతమైన వ్యాసార్ధంలో, ఒకే దిశలో వంచినప్పుడు మాత్రమే సరిపోతుంది.

వాడేవారు తమకు తోచిన మూలను, తోచినంతగా వంచుతామంటే ఆ లెక్క చెదిరిపోతుంది. దీనికి తోడు జ్యామితి పెట్టే ఒక హద్దు కూడా ఉంది. సాగని పలకను ఒక దిశలో వంచితే రెండో దిశలో అది బిగుసుకుంటుంది. దాన్ని ఒకేసారి రెండు దిశల్లో గిన్నెలా వంచాలంటే పదార్థం సాగక తప్పదు. కార్ల్ ఫ్రెడరిక్ గౌస్ 1827లోనే నిరూపించిన సిద్ధాంతం ఇది. బంతికి కాగితం చుట్టబోతే ముడతలు పడేది ఇందువల్లే. కాబట్టి వంగే తెర నుంచి చేతిలో ఎటంటే అటు మెలితిరిగే తెర దాకా వెళ్లాలంటే, పలచన చేయడం చాలదు, సాగే పదార్థమే కావాలి. ఎల్‌జీ డిస్‌ప్లే 2024లో 12 అంగుళాల నుంచి 18 అంగుళాల వరకు, అంటే 50 శాతం సాగే తెరను చూపించింది. అది సిలికాన్ రబ్బరు వంటి ఆధారం మీద సూక్ష్మమైన ఎల్‌ఈడీలను పేర్చిన ప్రయోగ నమూనా.

ఈ పరిమితుల మధ్య పరిశ్రమ చేసిన ఎంపిక తెలివైనదే. వంపును ఒక్క గీతకు పరిమితం చేసి, ఆ గీతను కీలు అదుపులో పెట్టి, మిగిలిన భాగమంతా గట్టి లోహపు పలకల మీద పరిచారు. 2019 ఫిబ్రవరిలో 1,980 డాలర్ల ధరతో ప్రకటించిన మొదటి గెలాక్సీ ఫోల్డ్‌కు ఆ తర్వాత జరిగినదంతా ఈ ఎంపిక ఎంత అవసరమో చూపించింది. పరీక్షించడానికి ఇచ్చిన ఫోన్లలో కొన్నిటి తెరలు రోజుల్లోనే పాడయ్యాయి. పైనున్న రక్షణ పొరను మామూలు స్టిక్కర్ అనుకుని కొందరు పీకేశారు. కీలు సందులోంచి తెర కిందకు చెత్త చేరడం వల్ల కొన్ని దెబ్బతిన్నాయి. విడుదల ఏప్రిల్ నుంచి సెప్టెంబరుకు వాయిదా పడింది. మన వేసవిలో, రోడ్డు దుమ్ములో ఫోన్ వాడేవారికి చెత్త చేరే ఈ ఇబ్బంది ఎంత ముఖ్యమో వేరే చెప్పనవసరం లేదు.

అంటే మడతపెట్టే ఫోన్ నిజానికి రెండు గట్టి ఫోన్ల మధ్య ఉన్న ఒక వంగే అతుకు. దానిలో బ్యాటరీ కూడా రెండు ముక్కలుగా రెండు పక్కలా ఉంటుంది, ఎందుకంటే బ్యాటరీ వంగదు. ప్రాసెసర్ కూడా వంగదు. ప్లాస్టిక్ మీద ప్రాసెసర్ చేయలేరా అంటే, చేశారు. ఆర్మ్, ప్రాగ్‌మాటిక్ సంస్థల పరిశోధకులు 2021లో నేచర్ పత్రికలో ప్రకటించిన ప్లాస్టిక్ ఆర్మ్ అనే 32 బిట్ చిప్ పాలిఇమైడ్ మీదే తయారైంది, వంగుతుంది కూడా. కానీ అది పనిచేసిన వేగం సెకనుకు కొన్ని వేల స్పందనల స్థాయిలో, అంటే కిలోహెర్ట్జ్‌లలో ఉంది. ఫోన్‌లోని సిలికాన్ చిప్ వేగం వందల కోట్లలో ఉంటుంది. 2024లో వచ్చిన ఫ్లెక్స్-ఆర్‌వీ అనే మరో వంగే చిప్ వేగం 60 కిలోహెర్ట్జ్. ఈ వేగంతో ఫోన్ నడవదు. అయితే ఒక వంపు సెన్సర్‌ను చదివి, అది ఏ సంజ్ఞో గుర్తించడానికి ఈ వేగం సరిపోవచ్చు. ఈ మాట గుర్తుంచుకోండి, కింద మళ్లీ అవసరమవుతుంది.

రెండో కారణం సెన్సర్లలో ఉంది. దీని గురించి బయట చాలా తక్కువగా మాట్లాడుతారు గాని, ప్రయోగశాలలో మన సమయాన్నంతా తినేది ఇదే. చవకగా దొరికే వంపు సెన్సర్ అంటే ప్లాస్టిక్ పట్టీ మీద పూసిన వాహక సిరా. వంచితే దాని విద్యుత్ నిరోధం పెరుగుతుంది. దానిలో మూడు ఇబ్బందులున్నాయి. వంచేటప్పుడు ఇచ్చిన విలువ, విడిచేటప్పుడు అదే కోణం దగ్గర ఇవ్వదు. వేడి మారితే విలువ మారుతుంది. వాడినకొద్దీ సున్నా స్థానమే మెల్లగా జరిగిపోతుంది. వంపుకు తగిన వేగంతో పేజీలు కదిలే పద్ధతిలో సున్నా జరిగితే, పరికరాన్ని ఎవరూ ముట్టుకోకపోయినా పేజీలు వాటంతట అవే కదలడం మొదలుపెడతాయి. దీన్ని ఆపడానికి సున్నాకు అటూ ఇటూ కొంత మేర ఏ వంపునూ పట్టించుకోని జాగా వదలాలి. ఆ జాగా పెరిగినకొద్దీ, వంచడంలోని సున్నితత్వం, అంటే ఈ పద్ధతికి ఉన్న ఏకైక గొప్పతనం, తరిగిపోతుంది. పైగా మామూలుగా పట్టుకున్నప్పుడు, జేబులో పెట్టుకుని కూర్చున్నప్పుడు కూడా మెత్తని పరికరం వంగుతూనే ఉంటుంది. అది ఆజ్ఞా, కేవలం చేతి కదలికా అన్నది యంత్రం తేల్చుకోవాలి. టచ్‌స్క్రీన్‌కు ఈ కష్టం తక్కువ, ఎందుకంటే వేలు తాకడం, తాకకపోవడం మధ్య తేడా స్పష్టంగా ఉంటుంది.

మూడో కారణం మనుషుల్లో ఉంది, నా దృష్టిలో ఇదే అన్నిటికంటే బలమైనది. తెర మీద గీసిన బటన్ తన ఉనికిని తానే చాటుకుంటుంది. వంచగలిగిన మూల ఏమీ చెప్పదు. ఇక్కడ వంచితే ఇది జరుగుతుందని ఎవరో నేర్పాలి. గట్టి ఫోన్లలో చేతి ఒత్తిడిని వాడుకోవాలని చేసిన రెండు ప్రయత్నాల చరిత్ర చూడండి. ఆపిల్ 2015లో ఐఫోన్ 6ఎస్‌లో తెర మీద ఎంత గట్టిగా నొక్కారో గుర్తించే త్రీడీ టచ్‌ను తెచ్చి, 2019 ఐఫోన్ 11 నాటికి తీసేసింది. హెచ్‌టీసీ, ఆ తర్వాత గూగుల్ 2017లో ఫోన్ అంచులను పిడికిలితో నొక్కితే పని జరిగే సౌకర్యాన్ని ఇచ్చాయి. 2019 నాటి తన పిక్సెల్ 4 ఫోన్ తర్వాత గూగుల్ దాన్ని కొనసాగించలేదు. ఇంజనీరింగ్ పరంగా రెండూ చక్కగా పనిచేసినవే. ఉన్నట్లు కంటికి కనిపించకపోవడం, అదే పనిని తెర మీద వేలితో ఎలాగూ చేసుకోగలగడం వాటిని వెనక్కు నెట్టాయని నా అంచనా. ఫోన్‌ను వంచడానికి రెండు చేతులు కావాలి, వంచి పట్టుకుని ఉండాలంటే మణికట్టు అలసిపోతుంది. కళ్ల ముందే తెర, ఖాళీగా బొటనవేలు ఉన్నప్పుడు ఇంత శ్రమను ఎవరూ కోరి తెచ్చుకోరు. మీ రెండో ప్రశ్నకు, టచ్‌స్క్రీన్ స్థానాన్ని వంచడం ఆక్రమించదు అని నేను ఇంత నిశ్చయంగా చెప్పడానికి కారణం ఇది.

అలాగని మడతపెట్టే ఫోన్లు మన వ్యవహారంలో ఏ మార్పూ తేలేదనడం కూడా అన్యాయం. అవి తెచ్చిన మార్పు వంచడంలో కాక నిలబడడంలో ఉంది. సగం తెరిచి బల్ల మీద పెడితే ఫోన్ తనంతట తాను నిలుస్తుంది; పై సగంలో వీడియో కాల్, కింది సగంలో బటన్లు వస్తాయి; రెండు చేతులూ ఖాళీ అవుతాయి. 2020లో వచ్చిన ఆండ్రాయిడ్ 11, కీలు ఎంత కోణంలో ఉందో అప్లికేషన్లు తెలుసుకునే వీలు కల్పించింది. దీని అర్థం ఏమిటంటే, పరికరం ఇప్పుడు ఏ ఆకారంలో ఉందన్నది సాఫ్ట్‌వేర్‌కు తెలిసే విషయమైంది. వాడేవారు ప్రత్యేకంగా ఏ ఆజ్ఞా ఇవ్వడం లేదు, తమ సౌకర్యం కోసం ఫోన్‌ను ఒక తీరులో పెట్టుకున్నారు, యంత్రం దాన్ని గమనించి సర్దుకుంది. నేర్చుకోవలసినదేమీ లేని ఈ తరహా వ్యవహారానికి, గుర్తు పెట్టుకోవలసిన సంజ్ఞల జాబితా కంటే చాలా ఎక్కువ భవిష్యత్తు ఉంది. తెలుగు చదివేవారికి ఇందులో ఒక ప్రత్యేక ప్రయోజనం కూడా ఉంది: మన అక్షరాలకు పైన గుడులు, కింద ఒత్తులు ఉండడం వల్ల వరుసకూ వరుసకూ మధ్య ఎక్కువ ఎడం కావాలి, ఇరుకు తెర మీద ఒకేసారి కనిపించే వాక్యాలు తగ్గిపోతాయి, తెరిచిన పెద్ద తెర మీద ఆ ఇరుకు పోతుంది. కాకపోతే కొన్ని అప్లికేషన్లు ఆంగ్ల అక్షరాల కొలతతోనే పెట్టెలు గీసి, తెర ఎంత పెద్దదైనా మన ఒత్తులను కత్తిరించేస్తున్నాయి. ఈ రంగంలోకి వచ్చే తెలుగు యువకులు సరిదిద్దవలసిన పనుల్లో ఇది ఒకటి, దీనికి వంగే తెర కూడా అక్కర్లేదు.

ఇక వంచడానికి నిజమైన చోటు ఏదో చూద్దాం. పైన చెప్పిన అభ్యంతరాలను ఒక్కసారి తిరగేసి చదవండి. బటన్ కంటికి కనిపిస్తుంది కాబట్టి వంపు ఓడిపోయింది అన్నాను. కంటితో చూడలేనివారికి ఆ బటన్ కనిపించదు. వారికి నున్నని గాజు పలక అంటే ఏ ఆనవాలూ లేని మైదానం. స్క్రీన్ రీడర్ అనే సాఫ్ట్‌వేర్ తెర మీద ఉన్నది చదివి వినిపిస్తుంటే వెతుక్కోవలసిందే. అదే మెత్తని పలక అయితే నాలుగు మూలలు, నాలుగు అంచులు చేతికి తెలుస్తాయి, ఎంత వంచామో వేళ్లకే తెలుస్తుంది. పేపర్‌ఫోన్ బృందంలో ఉన్న ఆడ్రీ జిరూవార్ ఆ తర్వాత ఒట్టావాలోని కార్ల్‌టన్ విశ్వవిద్యాలయంలో ఈ దారిలోనే పనిచేశారు. అక్కడ తయారైన బెండీపాస్ అనే సిలికాన్ పరికరంతో దృష్టిలోపం ఉన్నవారు అంకెలకు బదులు వంపుల వరుసనే పాస్‌వర్డ్‌గా ఇవ్వగలరు. ప్రతి వంపు నమోదైనట్లు కంపనం చెబుతుంది. స్క్రీన్ రీడర్ పాస్‌వర్డ్‌ను బయటకు వినిపించే ప్రమాదం లేదు, పక్కవారు తెర మీద చూసేదేమీ లేదు. ఈ పరికరానికి తెర లేదన్నది గమనించండి. తెర లేదు కాబట్టి గాజు, తేమ, తటస్థ తలం వంటి చిక్కులన్నీ ఒక్క దెబ్బతో తొలగిపోయాయి. వంగే పరికరాల నుంచి తెరను తీసేయగానే అవి ఉపయోగపడడం మొదలుపెట్టాయన్నది నా పరిశీలన, దీన్ని మా రంగం ఇంకా పూర్తిగా అంగీకరించలేదు.

రెండో చోటు బట్ట. గమ్మీని తయారుచేసిన పూపిరెవ్ ఆ తర్వాత గూగుల్‌లో 2015లో ప్రాజెక్ట్ జకార్డ్‌ను ప్రకటించారు. సన్నని లోహపు తీగను నూలు, పట్టు వంటి దారాలతో పురిపెట్టి, మామూలు మగ్గాల మీదే నేయగలిగిన వాహక దారాన్ని తయారుచేయడం అందులో కీలకం. ధర్మవరంలో పట్టుచీర అంచును నేసే మగ్గం పైనున్న జకార్డు పేరే ఆ ప్రాజెక్టుకు పెట్టారు. చిల్లుల అట్టలతో దారాలను నడిపించిన ఆ యంత్రం నుంచే చార్లెస్ బాబేజ్ తాను రూపొందించిన గణన యంత్రానికి చిల్లుల కార్డుల ఆలోచనను తీసుకున్నాడు కాబట్టి ఆ పేరు అన్నివిధాలా తగినదే. 2017లో లీవైస్ సంస్థతో కలిసి 350 డాలర్ల జాకెట్‌ను తెచ్చారు. సైకిల్ తొక్కుతున్నవారు ఎడమ చేతి మణికట్టు దగ్గరి బట్టను నిమిరి పాట మార్చుకోవచ్చు, ఫోన్‌కు జవాబు ఇవ్వవచ్చు. కానీ ఎలక్ట్రానిక్స్ ఉన్న ముక్కను ఉతికే ముందు ఊడదీయాలి. 2023లో దాని అప్లికేషన్‌ను గూగుల్ నిలిపివేసింది, దానితో జాకెట్‌లోని తెలివి కూడా పోయింది. బట్ట పదేళ్లు మన్నుతుంది, సాఫ్ట్‌వేర్‌కు అంత ఆయుష్షు ఇవ్వాలని కంపెనీలు అనుకోవు. మెత్తని పరికరాల భవిష్యత్తుకు పదార్థం కంటే ఇది పెద్ద అడ్డంకి కావచ్చునని నా ఆందోళన. సెన్సర్ చదివి సంజ్ఞను గుర్తించే పనిని ఫోన్‌లోని అప్లికేషన్‌కు వదలకుండా బట్టలోనే ఉన్న ఒక ప్లాస్టిక్ చిప్ చేసుకోగలిగితే ఈ ఆధారపడడం తగ్గుతుంది. కిలోహెర్ట్జ్ వేగం చిప్‌ను గుర్తుంచుకోమన్నది ఇందుకే.

చర్మం సంగతి క్లుప్తంగా చెబుతాను, ఎందుకంటే అందులో ఎక్కువ భాగం వైద్యానికి చెందినది. టోక్యో విశ్వవిద్యాలయంలో టకావో సొమెయా, స్టాన్‌ఫర్డ్‌లో జెనన్ బావ్, 2011లో ఇల్లినాయి విశ్వవిద్యాలయంలో ఉన్న జాన్ రోజర్స్ బృందాలు చర్మంలాగే సాగే సెన్సర్లను సాధ్యం చేశాయి. కండరం కదిలే సంకేతాన్ని చర్మం మీద నుంచే చదవగలిగితే, వేలు కదపలేనివారు కూడా యంత్రాన్ని నడపగలుగుతారు. మన దేశంలో ఐఐటీ కాన్పూర్‌లో వంగే ఎలక్ట్రానిక్స్ కోసం ఒక జాతీయ కేంద్రం ఉంది. పీజీకి వెళ్లే ఆలోచన ఉంటే అక్కడి పని ఏమిటో చూడండి.

ఇక మీ ప్రాజెక్టు. వంగే తెర లేదని వెనకాడకండి. గమ్మీలో ఉన్నది గట్టి తెర. వర్టెగాల్ ప్రయోగశాల 2005లో పేపర్ విండోస్ అనే పనిలో మామూలు తెల్ల కాగితాల మీద ప్రొజెక్టర్‌తో చిత్రాలు పడేసి, కాగితాన్ని తిప్పితే, వంచితే ఏం జరగాలో పరీక్షించింది. మీకు కావలసింది ఒక చిన్న మైక్రోకంట్రోలర్, మూడు నాలుగు వంపు సెన్సర్లు, ఒక కంపన మోటారు, అచ్చులో పోసుకునే సిలికాన్ రబ్బరు. సెన్సర్ కొననవసరం లేకుండా, రెండు రాగి రేకుల మధ్య వాహక ప్లాస్టిక్ రేకును పెట్టి మీరే చేసుకోవచ్చు. దాని లోపాలను కొలవడం కూడా మీ నివేదికలో ఒక మంచి అధ్యాయం అవుతుంది.

అంశంగా ఫోన్‌ను ఎంచుకోవద్దు. దృష్టిలోపం ఉన్నవారు ఆడియో పుస్తకాన్ని ముందుకు జరపడానికి, వెనక్కు జరపడానికి, వేగం మార్చడానికి వాడే అరచేతంత మెత్తని పలక చేయండి. ఈ మూడు పనులకూ దిశ ఉంది, పేపర్‌ఫోన్ అధ్యయనం ప్రకారం వంపులు రాణించేది అక్కడే. సంజ్ఞలు మీరు నిర్ణయించకండి. ముందు ఏ సెన్సరూ లేని ఉత్త పలకను వారి చేతికిచ్చి, వెనక్కు జరపాలంటే ఎలా వంచుతారో చేసి చూపమని అడగండి, ఎక్కువమంది చేసినదాన్ని తీసుకోండి. మీ తరగతిలోని మిత్రుల కళ్లకు గంతలు కట్టి పరీక్షించి అదే ఫలితమని రాయవద్దు. చూపు ఉండి కళ్లు మూసుకున్నవారి చేతులకు, చూపు లేకుండా ఏళ్లు జీవించినవారి చేతులకు చాలా తేడా ఉంటుంది. మీ దగ్గరలోని అంధుల పాఠశాలను లేదా సంఘాన్ని ముందే సంప్రదించి, అనుమతి తీసుకుని, వారి సమయానికి విలువనిచ్చే ఏర్పాటు చేసుకోండి.

కొలవవలసినవి నాలుగు: ఒక పనికి పట్టిన సమయం, తప్పుగా గుర్తించిన వంపులు, ఎవరూ ఆజ్ఞ ఇవ్వకపోయినా పరికరం స్పందించిన సందర్భాలు, వారం తర్వాత మళ్లీ ఇచ్చినప్పుడు గుర్తున్న సంజ్ఞలు. మూడవదాని కోసం పలకను సంచిలో వేసుకుని ఒక రోజంతా తిరిగి సెన్సర్ విలువలను నమోదు చేయండి. నాలుగవదాన్ని విద్యార్థి ప్రాజెక్టుల్లో చాలామంది వదిలేస్తారు గాని, ఈ పద్ధతి ఎవరి చేతిలోనైనా నిలుస్తుందా లేదా అన్నది తేల్చేది అదే. సెన్సర్ ఎంపికలోగాని, సున్నా జరిగిపోవడాన్ని సరిచేసే ప్రోగ్రాములోగాని చిక్కు వస్తే, ఒక రోజు నమోదు చేసిన విలువలను జతచేసి అడగండి. అంకెలు ముందుంటే సమాధానం చెప్పడం సులభం.